పేనుకొరుకుడును థైరాయిడు గ్రంథియు

మన పల్లెలలో తలమీద గాని గడ్డములో గాని రూపాయి బిళ్లంత మేర వెండ్రుకలు రాలిపోయి చర్మము నున్నగా కనబడినచో దానిని పేనుకొరుకుడు అందురు. రాత్రి నిదురలో పేను వచ్చి వెండ్రుకల మొదళ్లను కొరికివేసినదని పెద్దలు చెప్పుదురు. నేనును చిన్ననాడు అట్లే వింటిని. పాపము, పేనుకు ఈ నింద తగదు. దాని నోరు రక్తము పీల్చుటకు తగినదే గాని వెండ్రుక కొరుకుటకు తగినది కాదు. తలలో ఒక్క పేనైన లేనివారికిని, వారమునకు రెండుమారులు తలంటి పోసికొనువారికిని ఈ మచ్చ వచ్చుచునే యున్నది. సుశ్రుతసంహితలో ఇంద్రలుప్తమను పేర వర్ణింపబడిన రోగము దీనిని పోలియున్నది. రోమక గ్రంథకర్త సెల్సస్ క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే దీనిని గూర్చి వ్రాసెను. వ్యాధి ఇంత ప్రాతదైనను కారణము తెలిసినది మాత్రము ఇటీవలనే. ఆ కారణము తెలిసిన పిమ్మట, తలమీది ఈ చిన్న మచ్చకును, గొంతు ముందరనుండు థైరాయిడు గ్రంథికిని ఒక చుట్టరికము కలదని బయటపడినది. ఆ చుట్టరికమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

అందుకు ముందుగా నా పొరపాటొకటి చెప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట గోదావరి లంకలనుండి ఒక వృద్ధ రైతు పండ్రెండేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఆ పిల్ల జడ విప్పి చూడగా చెవి వెనుక నున్నని మచ్చ యొకటి కనబడెను. పొట్టు లేదు, దురద లేదు, ఎరుపు లేదు. నేను చూచిన వెంటనే పోల్చుకొంటిని. "ఇది అంటువ్యాధి కాదు, కొన్ని నెలలలో తనంతట తానే మొలచును, భయపడవలదు" అని చెప్పి, పూతమందొకటి వ్రాసియిచ్చి పంపితిని. చెప్పినది అబద్ధము కాదు. ఆరు నెలలకు అక్కడ వెండ్రుకలు మొలచినవి కూడ.

ఏడాది తిరిగినది. తాతయు మనుమరాలును మరల వచ్చిరి. ఈసారి మచ్చలు రెండు. కాని ఆ పెద్దమనిషి మచ్చల మాట ఎత్తనే లేదు. "డాక్టరుగారూ, మా గుమ్మం మీద ఏటేటా ఉగాదినాడు పిల్ల ఎత్తు గీత గీస్తానండి. నిరుటి గీతా ఈ ఏటి గీతా ఒక్కచోటే పడ్డాయండి" అనెను. అప్పుడు నేను పిల్లను తలనుండి పాదములవరకు చూచితిని. ముఖము కొంచెము ఉబ్బినట్లున్నది. చర్మము పొడిబారియున్నది. ఎండకాలమందు కూడ పిల్ల చేతులు చల్లగా నున్నవి. గొంతు ముందర ఎత్తుగా నున్నది. మలబద్ధకము కలదట. తరగతిలో మొదటి వరుసలో నుండినది వెనుకబడినదట, బడిలో కునికిపాట్లు పడుచున్నదట. ఇవన్నియు ఒక్కనాట వచ్చినవి కావు. మొదటిసారి వచ్చినప్పుడే కొన్నియైన నుండియుండును. నేనడుగలేదు. "తమరు అప్పుడు నెత్తిని చూశారుగానండీ, పిల్లను చూళ్ళేదు" అని ఆ వృద్ధుడు కోపము లేకయే పలికెను. ఆ మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది.

రక్తపరీక్ష చేయించితిని. థైరాయిడు గ్రంథి బాగుగా సన్నగిలియున్నది. దానిని సన్నగిలజేసినదియు, తలమీద వెండ్రుకలను రాల్చినదియు ఒకే కోవకు చెందిన దోషమే.

ఆ దోషమేమో వివరింతును. మన రక్తములో తెల్లకణములని కావలివాండ్రు కలరు. బయటినుండి వచ్చు క్రిములను గుర్తుపట్టి చంపుట వారి పని. తమ శరీరమునకు చెందినదేదో, పరాయిదేదో వారికి చిన్ననాటనే శిక్షణ కలుగును. ఒక్కొక్కరిలో ఈ గుర్తింపు తప్పును. అప్పుడు కావలివాండ్రు ఇంటివారి మీదనే పడుదురు. కంచెయే చేను మేసినట్లన్నమాట. చేనులో ఏ మడి మేయబడినదో దానినిబట్టి వ్యాధికి పేరు వచ్చును. కీళ్లయందైనచో ఒక పేరు, చర్మపు రంగునిచ్చు కణములయందైనచో బొల్లి, వెండ్రుకల మొదళ్లయందైనచో పేనుకొరుకుడు, థైరాయిడునందైనచో మరియొక పేరు.

వెండ్రుక మొదలు చర్మములో ఉల్లిగడ్డవలె ఉబ్బియుండును. ఆరోగ్యవంతునిలో ఆ గడ్డ తెల్లకణముల కంటబడకుండ ఒక చాటున నుండును. ఆ చాటు తొలగినప్పుడు తెల్లకణములు వచ్చి ముసురుకొనును. సూక్ష్మదర్శినిలో చూచిన వైద్యులు ఆ దృశ్యమును తేనెటీగల గుంపుతో పోల్చిరి. మొదలు దెబ్బ తిన్న వెండ్రుక విరిగి రాలిపోవును. అయితే ఇక్కడ ఒక ఊరట కలదు. గడ్డ చావదు, నిద్రపోవును. ముట్టడి తొలగినచో ఎన్ని నెలలకైనను మరల మొలకెత్తగలదు. మొదట వచ్చునవి తెల్లగా నుండి పిమ్మట నల్లబడుట మీలో కొందరు చూచియే యుందురు. ఈ ముట్టడి నల్లవెండ్రుకల మీదనే ఎక్కువగా సాగును, తెల్లవాటిని తరచు విడిచిపెట్టును. నెరసీ నెరయని తలవానికి తలయంతటను ఈ వ్యాధి ఒక్కసారిగా వచ్చినచో నల్లనివి రాలి తెల్లనివి మిగులును. "దుఃఖముచేత రాత్రికి రాత్రి తల నెరసినది" అని చెప్పుకొను కథలలో కొన్నింటికి ఇదియే మూలమని వైద్యుల అభిప్రాయము.

ఇంక థైరాయిడు మాట. మన పాఠ్యపుస్తకములలో దీనికి అవటుగ్రంథియని పేరు. కంఠమణికి కొంచెము క్రిందుగా, గాలిగొట్టమునకు ఇరువైపుల రెక్కలు చాచిన సీతాకోకచిలుక వలె అంటియుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు 20 గ్రాములు, అనగా రెండు తులములకు లోపు. ఇంత చిన్నదైనను శరీరమందలి ప్రతి అంగపు వడిని నిర్ణయించునది ఇదియే. ఉప్పులోను ఆహారములోను వచ్చు అయొడిన్‌ను తీసికొని థైరాక్సిన్ అను ద్రవ్యమును తయారుచేసి రక్తములో కలుపును. అది తక్కువైనచో మనిషి మందగించును, ఎక్కువైనచో పరుగెత్తును. పిల్లల పెరుగుదలయు, తెలివియు దీనిమీద ఆధారపడియున్నవి.

1912 లో జపాను దేశపు ఫుకువోకలో హషిమోటో హకారు అను యువ శస్త్రవైద్యుడు గొంతువాపుగల నలుగురు స్త్రీల గ్రంథులను పరీక్షించి, వాటినిండ తెల్లకణములు క్రిక్కిరిసియున్నవని జర్మను పత్రికలో ప్రకటించెను. ఆ కణములు అక్కడికేల చేరినవో నలువది నాలుగేండ్లవరకు తేలలేదు. 1956 లో లండనులో రాయిట్, డోనియాక్ మొదలగువారు అట్టి రోగుల రక్తములో తమ థైరాయిడునే శత్రువుగా నెంచు ప్రతిరక్షకములున్నవని కనుగొనిరి. అదే యేట అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ అనువారు కుందేళ్లలో అట్టి వ్యాధినే కల్పించి చూపిరి. శరీరము తన్ను తాను నొప్పించుకొనదని అంతవరకు పండితులు నమ్మియుండిరి. ఆ నమ్మకము అక్కడితో చెదరినది. గ్రంథిని మందగింపజేయు ఈ వ్యాధికి హషిమోటో పేరే నిలిచినది. గ్రంథిని రెచ్చగొట్టి థైరాక్సిన్‌ను అధికముగా స్రవింపజేయు వేరొక రూపమును 1835 లో డబ్లిన్ వైద్యుడు గ్రేవ్స్ వర్ణించెను. అదియు ఈ కోవదే.

పేనుకొరుకుడు వచ్చినవారిని వరుసగా పరీక్షించి చూడగా థైరాయిడు వ్యాధి వారిలో ఇతరులకంటె ఎక్కువగా కనబడినది. వేర్వేరు పరిశీలనలలో నూటికి 8 మొదలు 28 వరకు లెక్కలు వచ్చినవి. అంకెలో ఇంత వ్యత్యాసమేల యన్నచో, పరీక్షింపబడిన వారి వయస్సు, వ్యాధితీవ్రత, పరీక్షావిధానము వేర్వేరుగా నుండుటయే కారణము. అయినను ఎక్కువ యన్నమాట మాత్రము స్థిరము. 2010 లో పేనుకొరుకుడు గల వారి జన్యువులను పరిశోధింపగా, ఆ వ్యాధికి దారితీయు జన్యువులలో పెక్కు కీళ్లవాతము, చిన్ననాటి మధుమేహము వంటి ఇతర స్వయంవిరోధ వ్యాధులలోను కనబడునవే యని తేలినది. అనగా ఒకే యింట పుట్టిన అక్కచెల్లెండ్ర వంటివి ఈ వ్యాధులు. అక్క వచ్చినచోటికి చెల్లెలు కూడ రావచ్చును. వచ్చి తీరునని కాదు.

ఇక్కడ మీరు ఒక్క సంగతి గట్టిగా పట్టుకొనవలెను. థైరాయిడు చెడుటచేత పేనుకొరుకుడు పుట్టలేదు. పేనుకొరుకుడుచేత థైరాయిడు చెడలేదు. కాబట్టి థైరాయిడుకు మందు వేసికొన్నంతమాత్రాన మచ్చమీద వెండ్రుక మొలచునని ఎవ్వరును మాట ఇయ్యరాదు. ఇచ్చువాని యొద్దకు పోరాదు.

అయితే థైరాయిడు సరిగా పనిచేయనందువలన నేరుగా వచ్చు వెండ్రుకల రాలుట వేరొకటి కలదు. దానిని దీనితో కలపరాదు. ప్రతి వెండ్రుకయు కొన్నియేండ్లు పెరిగి, రెండు మూడు నెలలు విశ్రాంతి తీసికొని రాలును. ఆరోగ్యవంతునికి కూడ దినమునకు 50 మొదలు 100 వరకు రాలుచుండును. థైరాక్సిన్ తగ్గినను హెచ్చినను ఎక్కువ వెండ్రుకలు ఒక్కసారి విశ్రాంతికి పోవును. అప్పుడు మచ్చ పడదు. తలయంతట పలుచబడును, దువ్వెననిండ వచ్చును, జడ సన్నగిలును. థైరాక్సిన్ తగ్గినవారిలో కనుబొమల బయటి కొస కూడ పలుచబడవచ్చును. ఈ రకమునకు థైరాయిడు చికిత్సయే చికిత్స. గ్రంథి కుదుటబడిన పిమ్మట కొన్ని నెలలకు జుట్టు తిరిగివచ్చును.

మచ్చ కనబడగానే ఇంటి పెద్దలు ఏమి చేయవలెను? మొదట అది తామర కాదని చూచుకొనుడు. తామరలో పొట్టు రాలును, దురద యుండును, వెండ్రుకలు కురచగా తెగి నిలుచును, ఒకరినుండి యొకరికి అంటును. పేనుకొరుకుడులో చర్మము పిల్లవాని బుగ్గవలె నున్నగా నుండును. ఒక్కొక్కప్పుడు గోళ్లమీద సూదితో పొడిచినట్లు చిన్న గుంటలు పడును. తరువాత, తలను విడిచి మనిషిని చూడుడు. అలసట, చలికి తాళలేకపోవుట, మలబద్ధకము, కారణము లేకయే లావెక్కుట, గొంతు బొంగురుపోవుట, స్త్రీలలో బహిష్టు క్రమము తప్పుట - ఇవి థైరాక్సిన్ తగ్గిన గుర్తులు. గుండెదడ, చేతివణకు, ఆకలియుండియు చిక్కిపోవుట, ఉక్కకు తాళలేకపోవుట, కనుగ్రుడ్లు ముందుకు వచ్చుట - ఇవి హెచ్చిన గుర్తులు. పిల్లలలో అన్నిటికంటె పెద్ద గుర్తు ఎత్తు పెరుగకపోవుట. వృద్ధులలో చిక్కొకటి కలదు. మందకొడితనము, చలి, మతిమరపు వచ్చినచో "ముసలితనమే గదా" యని అందరును ఊరకుందురు, కొందరిలో అది ముసలితనము కాదు, థైరాయిడు.

గుర్తులున్నను, గొంతు వాచియున్నను, ఇంటిలో మరియొకరికి థైరాయిడు గాని బొల్లి గాని యున్నను, మచ్చలు అనేకములై వ్యాపించుచున్నను రక్తపరీక్ష తప్పక చేయింపవలెను. ఏ గుర్తును లేక ఒక్క మచ్చ మాత్రమే యున్నవారికి పరీక్ష అవసరమా యను విషయమున వైద్యులలో భేదాభిప్రాయములున్నవి. నేను మాత్రము ఆ లంకపిల్లను చూచిన తరువాత పిల్లల విషయమున చేయించుచున్నాను.

పరీక్ష పెద్దది కాదు. చేతినుండి కొంచెము రక్తము తీసి టి.ఎస్.హెచ్. అను ద్రవ్యమును కొలుతురు. మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి థైరాయిడుకు పంపు ఆజ్ఞ అది. పాలేరు పలుకకున్నచో కామందు కేక హెచ్చించినట్లు, థైరాయిడు మందగించినకొలది టి.ఎస్.హెచ్. హెచ్చుచుండును. అవసరమైనచో థైరాక్సిన్‌ను, ప్రతిరక్షకములను కూడ కొలుతురు. ఇందులో ఒక మెలిక యున్నది. జుట్టు రాలుచున్నదని అంగడిలో బయోటిన్ బిళ్లలు కొని మ్రింగువారు నేడు చాలమంది. ఆ బయోటిన్ కొన్ని పరీక్షాయంత్రములను మోసగించి, లేని థైరాయిడు రోగమును ఉన్నట్లును, ఉన్నదానిని లేనట్లును చూపగలదు. అట్టి బిళ్లలు వాడుచున్నవారు రక్తమిచ్చుటకు ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. ఎన్ని దినములు మానవలెనో ఆయన చెప్పును.

థైరాక్సిన్ తగ్గినవారికి దానినే బిళ్లరూపమున ఇత్తురు. 1891 లో ఇంగ్లండులో ముర్రే అను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడు రసమును ఒక రోగిణికి సూదిమందుగా నిచ్చెను. ఆమె కోలుకొని, పిమ్మట ఇరువది యెనిమిది యేండ్లు బ్రతికెను. 1914 లో అమెరికాలో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేసెను. నేటి బిళ్లకు గొఱ్ఱెతో పనిలేదు, రసాయనశాలలోనే తయారగును. వెల స్వల్పము. ఉదయము పరగడుపున మంచినీళ్లతో వేసికొనవలెను. అరగంట మొదలు గంటవరకు కాఫీ త్రాగరాదు. మన యిండ్లలో ఇదియే కష్టమైన పథ్యము! ఇనుము బిళ్లలు, సున్నపు బిళ్లలు వేసికొనువారు నాలుగు గంటల ఎడమ ఉంచవలెను. గర్భము దాల్చిన స్త్రీకి తరచు మోతాదు పెంచవలసియుండును గాన వెంటనే వైద్యునికి చెప్పవలెను. బాగున్నదని తనంతట తాను మానరాదు.

మచ్చకు వైద్యము వేరు. చిన్న మచ్చలు చాలవరకు ఒక సంవత్సరములోపున వాటంతట అవే పూడును. పూడనివానికి పూతమందులును, మచ్చలోనికి కొన్ని వారముల కొకమారు ఇచ్చు సూదిమందును కలవు. వ్యాధి తీవ్రముగా నున్న పెద్దవారికొరకు బారిసిటినిబ్ అను బిళ్లను 2022 లో అమెరికాలో అనుమతించిరి. అది తెల్లకణములకు అందు ఆజ్ఞను అడ్డగించును. దానివలన క్రిములను ఎదుర్కొను శక్తి తగ్గును గాన క్షయ మొదలగునవి లేవని ముందు చూచుకొని, వైద్యుని కనుసన్నలలోనే వాడదగినది. మానినచో వెండ్రుకలు మరల రాలవచ్చును. నాటువైద్యములలో గురివింద గింజ అరగదీసి పూయు ఆచారము మన ప్రాంతమున కలదు. గురివింద కడుపులోనికి గాని, పుండులోనికి గాని పోయినచో ప్రాణాపాయము. పసిపిల్లలున్న యింట దానిని సానమీద నుంచుటయే తగదు. మచ్చ తానుగా మొలచు సమయమున ఏది పూసియుంటిమో దానికి కీర్తి దక్కును. ఇంద్రలుప్తమునకు ఇన్ని మందులు వాసికెక్కుటకు రహస్యము ఇదియే.

పెద్దలతో మరియొక మాట. ఈ మచ్చ వచ్చిన పిల్లను బడిలో వేరుగా కూర్చుండబెట్టుట నేనెరుగుదును. మంగలి కత్తెర పెట్టనన్న కుర్రవానిని ఎరుగుదును. కుదిరిన సంబంధము తప్పిపోయిన యింటిని ఎరుగుదును. ఇది అంటదు. పాపఫలము కాదు, నాగదోషము కాదు. నూటికి ఇద్దరికి జీవితములో ఎప్పుడో యొకప్పుడు వచ్చునది. తలిదండ్రులకున్నచో బిడ్డలకు వచ్చు అవకాశము కొంత హెచ్చు, అంతేగాని రాకపోవుటయే ఎక్కువ. థైరాయిడు బిళ్ల వేసికొనుచున్న కన్య, మోతాదు సరిగానున్నంతవరకు, పెండ్లికిని బిడ్డలకును అందరివంటిదే. సంబంధము మాటాడు చోట పంచలో కూర్చుండువారు మీరే గనుక మీతో చెప్పుచున్నాను.

ఆ లంకపిల్ల సంగతి చెప్పి ముగింతును. బిళ్ల మొదలుపెట్టిన కొన్ని వారములకే ముఖపు ఉబ్బు తీసినది, కునికిపాట్లు పోయినవి. రెండు మచ్చలలో ఒకటి పూడినది. రెండవది నేటికిని అట్లే యున్నది. పిల్ల దానిమీదుగా జడ వేసికొనుచున్నది. మరుసటి ఉగాది గడచిన పిమ్మట ఆ వృద్ధుడు ఒక్కడే వచ్చి, నా బల్లమీద ఒక దారపు ముక్క పెట్టెను. గుమ్మముమీద క్రొత్త గీతకును ప్రాత గీతకును నడుమ కొలిచి తెచ్చిన దారమది. నాలుగు వ్రేళ్ల పొడవున్నది.